బిళ్ల ఏమిటో చెప్పండి, ధర చెప్పొద్దు
పాఠకుల ప్రశ్నలు, నాణేల సేకర్తల జవాబులు

పాత నాణేల క్లబ్బులు నడుపుతున్నవాళ్లు తమ ఇబ్బందులు రాయాలని పోయిన సంచికలో అడిగాం. హన్మకొండ, కాజీపేట, వరంగల్, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా ఉత్తరాల్లో పంచాయితీ ఒక్కటే. బిళ్ల చేతులు మారుతుంది, ధర దగ్గర మాట పెరుగుతుంది, నెల తిరిగేసరికి సభ్యులు రెండు వర్గాలవుతారు. అందుకే ఈసారి నాణేల చరిత్ర కన్నా క్లబ్బు నడిపే తీరు మీదే ఎక్కువ రాస్తున్నాం.

*మేం పదిహేను మందిమి ప్రతినెలా ఒకరి ఇంట్లో కలుస్తున్నాం. ఇప్పుడు పేరు పెట్టి రిజిస్టర్ చేయించాలని కొందరు, అవసరం లేదని కొందరు అంటున్నారు. చందా ఎంత పెట్టాలి?*
*– హన్మకొండ నుంచి ఒక పాఠకుడు*

కలుసుకుని బిళ్లలు చూసుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. క్లబ్బు పేరు మీద బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ప్రదర్శన కోసం హాలు మాట్లాడాలన్నా, బయటివాళ్ల దగ్గర విరాళం తీసుకోవాలన్నా అప్పుడు కావాలి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆశయాల పత్రం, నియమావళి రాసి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా పంపాలి, లెక్కలు రాయాలి. ఈ పని ఓపిగ్గా చేసే మనిషి మీలో ఉన్నాడా అన్నది ముందు చూసుకోండి. లేకుంటే రెండేళ్లకు రిజిస్ట్రేషన్ కాగితం బీరువాలో మిగులుతుంది, క్లబ్బు మాత్రం ఉండదు.

చందా విషయంలో మా మాట ఒక్కటే: ఏడాదికి ఎంత ఖర్చవుతుందో ముందు రాసుకుని, దాన్ని సభ్యుల సంఖ్యతో భాగించండి. చాయ్, హాలు కిరాయి, ఒక తూకం మిషన్, ఒక భూతద్దం, రిజిస్టర్లు. అంతకు మించి వసూలు చేసి ‘ఫండు’ పోగేస్తే దాన్ని ఏం చేయాలన్నదే కొత్త లొల్లి అవుతుంది. ఖాతా మీద ఇద్దరి సంతకాలుండాలి, ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు. నెలనెలా ఒకరింట్లో కలవడం మానండి. ఎవరింట్లో ఏమేం వెండి ఉందో పదిహేను మందికి, వాళ్ల వెంట వచ్చేవాళ్లకు తెలియడం మంచిది కాదు. గ్రంథాలయంలోనో బడిలోనో ఆదివారం పూట ఒక గది అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

*మా క్లబ్బులో ఒకాయన మరో సభ్యుడి దగ్గర 1862 నాటి విక్టోరియా రాణి రూపాయి కొన్నాడు. నెల తర్వాత కంసాలి దగ్గర గీయించి చూస్తే వెండి కాదన్నాడట. అమ్మినాయన ‘నేనిచ్చిన బిళ్ల ఇది కాదు’ అంటున్నాడు. ఇద్దరూ పెద్దమనుషులే. ఎవరి పక్షం తీసుకోవాలి?*
*– కాజీపేట నుంచి ఒక క్లబ్బు కార్యదర్శి*

ఎవరి పక్షమూ తీసుకోవద్దు. బిళ్ల చేతులు మారిన రోజున బరువు రాయలేదు, ఫొటో తీయలేదు. ఇప్పుడు ఎంతమంది కూర్చున్నా నిజం తేలదు. క్లబ్బు తీర్పు చెప్తే ఇద్దరిలో ఒకరిని దొంగ అన్నట్టే. ‘ఈ లావాదేవీ క్లబ్బు పద్ధతి రాకముందు జరిగింది, క్లబ్బు దీంట్లో తలదూర్చదు’ అని మినిట్స్‌లో రాసి, ఆ రోజు నుంచి పద్ధతి పెట్టండి.

పద్ధతి ఇది. మార్పిడి బల్ల మీద ఏ బిళ్ల అమ్మినా, కొన్నా, బదులిచ్చినా ఒక రిజిస్టర్‌లోకి ఎక్కాలి. తేదీ, ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు, బిళ్ల మీది సంవత్సరం, పాలకుడి పేరు, గ్రాములో నూరో వంతు దాకా బరువు, మిల్లీమీటర్లలో వ్యాసం, ఉన్న లోపాలు. రెండువైపులా, అంచు కూడా ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. చివర ఇద్దరి సంతకాలు. ధర గడి మాత్రం పెట్టకండి. ధర ఆ ఇద్దరి మధ్యే ఉండాలి. రిజిస్టర్‌లో ధర కనిపిస్తే మరుసటి నెల వచ్చేవాడు ‘పోయినసారి అంతకే పోయింది కదా’ అని పట్టుపడతాడు. క్లబ్బు చెప్పాల్సింది బిళ్ల ఏమిటన్నది, అది అసలుదా కాదా అన్నది మాత్రమే.

వాపసుకు పదిహేను రోజుల గడువు సరిపోతుంది. కారణాలు నాలుగే ఉండాలి: లోహం తప్పు, పోత పోసిన నకిలీ, తేదీ అంకె చెక్కి మార్చడం, చెప్పకుండా దాచిన మరమ్మతు. ‘ఇంకోచోట తక్కువకు దొరికింది’ అన్నది కారణం కాదు. గీసిన బిళ్లకు వాపసు లేదని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. కంసాలి రాయి మీద ఒక్కసారి గీస్తే సేకర్తకు ఆ బిళ్ల విలువ సగం పోయినట్టే. మీ సభ్యుడి బిళ్ల అసలుదే అయి ఉంటే ఆ గీతతో అది కూడా చెడింది.

గీయకుండా చూసే దారి ఉంది. నూరో వంతు గ్రాము చూపే చిన్న తూకం మిషన్ కొనండి, దాన్ని సరిచూసుకునే 50 గ్రాముల రాయి కూడా తీసుకోండి. విక్టోరియా నుంచి ఆరో జార్జి దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. బాగా అరిగిన రూపాయి 11.4 దాకా దిగొచ్చు. అర గ్రాముకు మించి తేడా ఉంటే అనుమానించాలి. బరువు సరిపోయిందని మాత్రం ధైర్యపడొద్దు. నకిలీ చేసేవాళ్ల దగ్గరా తూకం ఉంటుంది. వాళ్లకు కష్టమైంది సాంద్రత.

సాంద్రత ఇలా చూడాలి. చిన్న ప్లాస్టిక్ కప్పులో సగానికి పైగా నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. బిళ్లను సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అంతకుముందు ఒక చుక్క గిన్నెల సబ్బు నీళ్లు కలిపితే బిళ్లకు గాలి బుడగలు అంటవు. ఇప్పుడు తూకం చూపే అంకెతో బిళ్ల అసలు బరువును భాగించాలి. నూటికి 91.7 పాళ్లు వెండి ఉన్న రూపాయికి తూకం 1.13 దగ్గర ఆగుతుంది, అంటే సాంద్రత 10.3. ఇత్తడి మీద వెండి పూత వేసిందయితే 1.35 దాటుతుంది. 0.2 తేడాను కళ్లతో చూసినప్పుడు వాదన తనంతట తాను ఆగిపోతుంది. పని అయ్యాక మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి నూలు బట్టతో అద్దాలి, రుద్దొద్దు. రాగి, సీసం బిళ్లలకు ఈ పరీక్ష చేయకండి, తడి వాటికి పడదు.

ఇక్కడ రెండు చోట్ల కొత్తవాళ్లు బోల్తా పడతారు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన వెండి రూపాయిల్లో వెండి సగమే, మిగతాది రాగి, నికెల్, జింకు. వాటి సాంద్రత 9.5 దగ్గరే వస్తుంది, అది నకిలీ కాదు. 1947 నాటి పులి బొమ్మ రూపాయి పూర్తిగా నికెల్. అయస్కాంతానికి టకీమని అంటుకుంటుంది. ‘అంటుకుంది కాబట్టి దొంగది’ అని దాన్ని పారేసుకున్నవాళ్లున్నారు. అదే వెండి రూపాయి అంటుకుంటే మాత్రం ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

తర్వాత పదింతలు చూపే భూతద్దంతో అంచు చూడండి. అచ్చు కొట్టిన బిళ్లకు అంచు మీది గాట్లు పదునుగా, సమంగా ఉంటాయి. పోత పోసినదాని అంచు చుట్టూ సన్నని అతుకు గీతో, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడో ఉంటుంది. అక్షరాల మూలల్లో సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలుంటాయి. తేదీలో చివరి అంకె చుట్టూ ఉన్న ఖాళీ జాగా మిగతా చోట్ల కన్నా గరుకుగా ఉంటే ఎవరో చెక్కారని. 1939 రూపాయి అరుదు కాబట్టి ఆ తేదీ మీద ఈ పని ఎక్కువ. మన దగ్గర మరొకటి కూడా చూడాలి. రూపాయిల దండ నుంచి విప్పిన బిళ్లలు. పైన కొక్కెం అతికించిన చోట టంకం మరక మిగులుతుంది, దాన్ని తోమి కప్పేస్తారు. అంచు పైభాగాన్ని వెలుతురుకు వంచి చూస్తే రంగు తేడా కనిపిస్తుంది. అది నకిలీ కాదు, చరిత్రే, కానీ చెప్పి ఇవ్వాలి.

ఇక 1862 సంగతి. ఆ తేదీ చూసి నూట అరవై ఏళ్ల నాటిదని, అందుకే అరుదని అనుకుంటారు. 1862 అన్న తేదీని మార్చకుండా 1874 దాకా టంకశాలల్లో కొడుతూనే పోయారు. అది కోట్ల మీద వచ్చిన రూపాయి. వెనకవైపున్న చుక్కల లెక్కను బట్టి వాటిలో రకాలు చూస్తారు. అన్నట్టు, ఆ రూపాయి మీద రాణి పేరు పక్కన ‘క్వీన్’ అని ఉండాలి. ‘ఎంప్రెస్’ అన్నది 1877 నుంచి. 1862 తేదీ ఉండి ‘ఎంప్రెస్’ అని ఉంటే తూకం తీయాల్సిన పనే లేదు.

*నిజాం బిళ్లల మీది సంవత్సరం మా పిల్లలకు చదవరాదు. పెద్దవాళ్లను అడిగితే విసుక్కుంటున్నారు. ఏదైనా తేలిక దారి ఉందా?*
*– జగిత్యాల నుంచి ఒక ఉపాధ్యాయురాలు*

ఉంది. చార్మినార్ బొమ్మ ఉన్న బిళ్ల తీసుకుని ముందు నడిమి ద్వారం చూడమనండి. అందులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ ఉంటే మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాటిది, ‘ఐన్’ ఉంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. ఆరో నిజాం 1911లో పోయాడు, ఏడో నిజాం ఆ ఏడే గద్దెనెక్కాడు. కాబట్టి ఒక్క అక్షరంతోనే పిల్లలు కాలాన్ని రెండుగా విడదీయగలరు. బిళ్ల మీద 92 అన్న అంకె కనబడుతుంది. దాన్ని సంవత్సరం అనుకునే పొరపాటు అందరూ చేస్తారు. అది మహమ్మద్ ప్రవక్త పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య.

అసలు సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లింల క్యాలెండర్ లెక్కలో, నాలుగు అంకెల్లో ఉంటుంది. ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు పోయినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. 1 నిలువు గీత, సున్నా చిన్న చుక్క, 7 ఇంగ్లిషు ‘వి’ అక్షరంలా, 8 దాన్నే తలకిందులు చేసినట్టు. 2, 3 దగ్గర తడబడతారు. తల మీద ఒక వంపుంటే 2, రెండుంటే 3. వచ్చిన సంఖ్యను 0.97తో హెచ్చవేసి 622 కలిపితే మన సంవత్సరం, ఒక ఏడు అటూ ఇటూగా. 1330 అని ఉంటే 1290 ప్లస్ 622, అంటే 1912. ఇంకోవైపు ఉండే చిన్న సంఖ్య పాలనా సంవత్సరం. రెండూ పొంతన కుదరకపోతే బిళ్లను అనుమానించొచ్చు. ఈ లెక్కను ఏడో తరగతి పిల్లలు హాయిగా చేస్తారు.

నిజాం రూపాయిని హాలీ అంటారు, దాని బరువు 11.18 గ్రాములు. బ్రిటిష్ రూపాయిని మన పెద్దలు కల్దార్ అనేవాళ్లు, రెండూ ఒక్కటి కావు. కల్దార్ లెక్కన తూచి హాలీ రూపాయి ‘తక్కువ తూగింది’ అనే గొడవ ప్రతి క్లబ్బులో ఒక్కసారైనా వస్తుంది. రెండు బరువులూ రిజిస్టర్ అట్ట లోపల రాసిపెట్టుకోండి.

పెద్దవాళ్ల విసుగుకు మందు వేరు. ఒకే ప్రశ్న ప్రతి కొత్త సభ్యుడూ అడుగుతాడు, ప్రతిసారీ జవాబు చెప్పేది ఆ ఇద్దరు ముగ్గురే. ఉర్దూ చదివే పెద్దమనిషితో ఒక ఆదివారం అంకెలు, అక్షరాలు ఒక అట్ట మీద పెద్దగా రాయించి ఫొటోస్టాట్ తీసి పంచండి. ఆ తర్వాత అట్ట మీద లేని ప్రశ్నలే ఆయన దాకా వెళ్తాయి, వాటికి ఆయన సంతోషంగా చెప్తాడు.

*వానకాలం వచ్చిందంటే మా సభ్యుల ఆల్బమ్‌లలో బిళ్లల మీద పచ్చటి జిగురు వస్తోంది. చింతపండుతో తోమితే మెరుస్తున్నాయి గాని కొనేవాళ్లు వద్దంటున్నారు.*
*– మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు*

చింతపండు, నిమ్మకాయ, విభూతి, ఇత్తడి గిన్నెలు తోమే పొడి, ఇవేవీ బిళ్ల దరిదాపుల్లోకి రానివ్వకండి. పులుపు పైపొరను కరిగించేస్తుంది. వందేళ్లుగా గాలికి ఏర్పడిన ఆ నలుపో ముదురు గోధుమరంగో లోహానికి కాపు. అది పోతే కింద ఉన్న అక్షరాల సన్నని గీతలూ దాంతో పోతాయి. మెరిసే రాగి బిళ్ల చూడగానే తెలిసినవాడు పక్కన పెట్టేది అందుకే. ఇంక దాన్ని వెనక్కి తేలేరు.

పచ్చ జిగురుకు కారణం వాన ఒక్కటే కాదు, ఆల్బమ్ కవర్లు కూడా. మెత్తగా, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే కవర్లు పీవీసీవి. ఉక్కపోతకు అవి ఆమ్లం వదులుతాయి, అది రాగిని తిని పచ్చగా తేలుతుంది. అనుమానముంటే ఒక రాగి తీగ కొసను ఎర్రగా కాల్చి కవరు ముక్కకు ఆనించి మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే అది పీవీసీ. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయండి. వాడాల్సినవి పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు. రెండూ కొంచెం గట్టిగా, చప్పుడు చేసేలా ఉంటాయి, వాసన ఉండదు. అట్ట చట్రాల్లో పెట్టేవాళ్లు స్టేపుల్ పిన్నులను పట్టకారుతో నొక్కి చదును చేయాలి. లేకుంటే పక్క బిళ్లను గీస్తాయి, వానకాలం తుప్పు కూడా పడతాయి.

ఇప్పటికే అంటిన జిగురును అసిటోన్‌తో తీయొచ్చు. ప్రయోగశాల సామాన్లమ్మే చోట దొరికే స్వచ్ఛమైనది కావాలి. గోళ్ల రంగు తీసేదానిలో నూనెలు, రంగులు కలుపుతారు, అది వద్దు. రెండు గాజు గిన్నెలు పెట్టుకుని మొదటిదానిలో బిళ్లను అయిదు నిమిషాలు ఉంచి, రెండోదానిలో ముంచి, బట్ట మీద ఆరనివ్వాలి. రుద్దడం లేదు. కిటికీలు తెరిచి ఉండాలి, పొయ్యి, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు. అసిటోన్ ఆవిరికే నిప్పంటుకుంటుంది. ఇది జిగురును మాత్రమే తీస్తుంది, లోహాన్ని తినదు. ఆమ్లం తిన్న గుంట ఉంటే అది అలాగే మిగులుతుంది.

లేత పచ్చ పొడి ఒకచోట తుడిస్తే నాలుగు రోజుల్లో మళ్లీ అక్కడే వస్తుంటే అది వేరే జబ్బు. లోహంలో ఉప్పు చేరింది, తేమ తగిలినప్పుడల్లా తింటూ పోతుంది. అలాంటి బిళ్లను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి పొడి డబ్బాలో ఉంచండి.

పొడి డబ్బా అంటే గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్. లీటరు డబ్బాకు 50 గ్రాములు చాలు. నీలం రంగుదానిలో కోబాల్ట్ విషం ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో నారింజ రంగుది తీసుకోండి. రంగు మారిందంటే తేమ తాగి నిండింది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకోసారి చూసుకోవాలి. సీసం బిళ్లలుంటే వాటిని చెక్క పెట్టెలో, మామూలు అట్ట పెట్టెలో పెట్టొద్దు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలుతుంది. ఆ పొడి విషం, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి.

*ట్రాక్టర్ బొమ్మ అయిదు రూపాయల నోటుకు లక్షలొస్తాయని వీడియోలు చూసి జనం మా క్లబ్బుకు వస్తున్నారు. లేదంటే కోపం. ఒకాయన మా వల్లే నష్టపోయానని తిట్టిపోయాడు.*
*– వరంగల్ నుంచి ఒక క్లబ్బు సభ్యుడు*

వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. అవసరంలో ఉన్న మనిషికే ఆ వీడియో తగులుతుంది. ట్రాక్టర్ నోటు, వైష్ణోదేవి బొమ్మ బిళ్లలు, చివర 786 ఉన్న నోటు, ఇవన్నీ చలామణీ కోసం వచ్చినవే. మోసం నడిచే తీరు వచ్చినవాళ్లకు విడమరిచి చెప్పండి. ముందు మీ నోటుకు పెద్ద ధర ఒప్పుకుంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అని, జీఎస్టీ అని, రిజర్వు బ్యాంకు అనుమతి అని కొంచెం కొంచెం గుంజుతారు. రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక పత్రం కూడా ఫోనుకు వస్తుంది. పాత నాణేలు, నోట్ల కొనుగోలు అమ్మకాల్లో తమకు సంబంధం లేదని, ఏ కమీషనూ అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన అచ్చు తీసి క్లబ్బు గోడ మీద పెట్టండి. మీ మాట నమ్మనివాళ్లు దాన్ని నమ్ముతారు. ఇప్పటికే పైసలు పంపినవాళ్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాలి. ఎంత తొందరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ.

ఈస్టిండియా కంపెనీ పేరుతో 1818 తేదీ వేసి, వెనక రాముడో హనుమంతుడో ఉన్న బిళ్లలు కూడా చాలామంది తెస్తారు. కంపెనీ అలాంటి బిళ్లలు ఎన్నడూ కొట్టలేదు. అవి దేవుడి గదిలో ఉంచుకునే టోకెన్లు. అమ్మకానికి పెట్టకుండా ఇంట్లో ఉంచుకొమ్మని మర్యాదగా చెప్పండి.

వీటన్నిటికన్నా ప్రమాదం ‘రైస్ పుల్లింగ్’. బియ్యం గింజలను లాక్కునే రాగి బిళ్ల, చెంబు కోట్లు పలుకుతుందని చెప్తారు. గింజలకు ముందే ఇనుప రజను పట్టిస్తారు, రాగి అడుగున అయస్కాంతం దాస్తారు. అంతే కథ. రాగి అయస్కాంతం కాదు, పిడుగు పడ్డా కాదు. ఆ మాట ఎత్తినవాడిని, సభ్యుడైనా సరే, మరుసటి సమావేశానికి రానివ్వొద్దు. వాడికి కావాల్సింది మీ క్లబ్బులోని నలుగురి పరిచయం.

*దుక్కి దున్నేటప్పుడు దొరికాయని ఒక రైతు కొన్ని సీసం బిళ్లలు తెచ్చాడు. శాతవాహనులవి లాగ ఉన్నాయి. మా సభ్యులు కొనడానికి పోటీపడ్డారు. కొనొచ్చా?*
*– పెద్దపల్లి నుంచి ఒక పాఠకుడు*

కొనకూడదు. మీ చుట్టుపక్కలే శాతవాహనుల నాటి ధూళికట్ట, పెద్దబంకూరు ఉన్నాయి, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి రాజు శ్రీముఖుడి పేరున్న నాణేలు కోటిలింగాలలో దొరకబట్టే శాతవాహనుల తొలి రోజుల గురించి ఈ ప్రాంతం గొంతు చరిత్రలో గట్టిగా వినబడింది. ఏ పొలంలో, ఎంత లోతున, పక్కన ఏ కుండపెంకుతో కలిసి దొరికిందన్నదే ఆ బిళ్ల విలువ. మూడు బిళ్లలు ముగ్గురి ఆల్బమ్‌లలోకి పోతే ఆ సమాచారం మళ్లీ దొరకదు.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు, సుమారు విలువ. కనుగొన్నవాళ్లకు ఆ చట్టంలో వాటా ఉంది. దాచిపెడితే వాటా పోతుంది, పైగా కేసు. రైతు భయపడేది పొలం లాక్కుంటారని. పక్కన కూర్చుని కలెక్టరుకు ఇచ్చే కాగితం మీరే రాసిపెట్టండి, ఒక నకలు మీద ఆఫీసు ముద్ర వేయించి ఆయన చేతిలో పెట్టండి. అక్కడే నిలబడి ఫొటోలు, బరువులు నమోదు చేయండి, మట్టి కడగకండి. క్లబ్బు చేయగలిగిన గొప్ప పని అదే.

నియమావళిలో ఈ మాటలు చేర్చండి: మట్టి అంటిన బిళ్ల మార్పిడి బల్ల మీదికి రాదు. కోటల దగ్గర, రక్షిత స్థలాల దగ్గర మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లకు సభ్యత్వం లేదు. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపడం నేరం. విదేశాల్లో ఉన్న బంధువులకు కానుకగా ఇచ్చి పంపే అలవాటు కొందరికి ఉంది, వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

*ఇద్దరు వ్యాపారులు మా క్లబ్బులో చేరారు. సమావేశం మొదలుకాకముందే కొత్తవాళ్లను పక్కకు పిలిచి బేరాలు చేసేస్తున్నారు. వాళ్లు లేకపోతే మంచి బిళ్లలు రావు. ఏం చేయాలి?*
*– కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు*

వ్యాపారిని వెళ్లగొట్టడం తప్పు. బిళ్లను చేత్తో పట్టి చూడగానే చెప్పగలిగే అనుభవం వాళ్లకుంటుంది. గంటల్ని విడదీయండి. మొదటి గంట చూడటం, చెప్పుకోవడం, ఆ రోజు అంశం. ఆ గంటలో ఎవరి జేబులోంచీ పైసలు బయటికి రాకూడదు. తర్వాత ముప్పావు గంట మార్పిడి బల్ల. వ్యాపారి తన పేరు పక్కన ‘వ్యాపారి’ అని రాసిన చీటీ పెట్టుకోవాలి. ఆరు నెలలు నిండని సభ్యుడి బిళ్ల కొనాలంటే ముందు దాన్ని అందరి ముందు బల్ల మీద పెట్టి, అది ఏమిటో ఇంకో సభ్యుడు చెప్పాకే కొనాలి. తాత పెట్టెలోంచి తెచ్చిన బిళ్ల ఏమిటో తెలియకుండా పిల్లవాడు అమ్ముకుని, తర్వాత తెలుసుకుంటే వాడు మళ్లీ రాడు, వాళ్ల నాన్న ఊరంతా చెప్తాడు. వ్యాపారుల్లో మంచివాళ్లు ఈ నియమాన్ని సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు ఎవరో కూడా దీంతోనే తెలుస్తుంది.

క్లబ్బు అధ్యక్షుడు, కార్యదర్శి పదవిలో ఉన్నంతకాలం మార్పిడి బల్ల దగ్గర అమ్మకూడదు. ఇది కఠినంగా అనిపిస్తుంది గాని రిజిస్టర్ వాళ్ల చేతిలో ఉంటుంది కదా.

*బడిలో ప్రదర్శన పెడుతున్నాం. రద్దయిన అయిదు వందలు, వెయ్యి నోట్లు పెట్టొచ్చా? బిళ్లలు పోకుండా ఏం జాగ్రత్త తీసుకోవాలి?*
*– హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు*

పెట్టొచ్చు, లెక్క మించకుండా. 2017 నాటి చట్టం ప్రకారం రద్దయిన ఆ నోట్లు మామూలుగా ఒకరి దగ్గర పదికి మించి ఉండకూడదు. చదువు, పరిశోధన, నాణేల సేకరణ కోసమైతే ఇరవై అయిదు దాకా ఉండొచ్చు. విలువతో పని లేదు, నోట్ల సంఖ్యే లెక్క. మించితే పదివేల రూపాయలు లేదా నోట్ల ముఖవిలువకు అయిదింతలు, రెండింట్లో ఏది ఎక్కువయితే అంత జరిమానా. నలుగురు సభ్యులవి కలిపి ఒకే అద్దం కింద పెడితే ఏవి ఎవరివో కింద చీటీ రాయండి.

బిళ్లల విషయానికొస్తే, అద్దం కింద పెట్టినవి సరే, చేతికిచ్చేవి వేరే ఉంచాలి. ముట్టుకునేందుకు చిల్లుకాణి, పావలా, బేడ లాంటి మామూలు బిళ్లలు ఒక పళ్లెంలో మెత్తటి బట్ట పరిచి పెట్టండి. పిల్లలు ఎగబడేది వాటి మీదే. విలువైనది చూపాల్సొస్తే ఒక్కసారికి ఒక్కటే, కూర్చున్న మనిషికే, బల్ల మీద బట్ట పరిచాకే. అంచులు పట్టుకోమనండి. ముఖం మీద వేలు పడితే చెమట ముద్ర కొన్నాళ్లకు నల్లగా తేలుతుంది. బిళ్ల దగ్గర నోరు పెట్టి మాట్లాడితే తుంపర మచ్చలు పడతాయి. ప్రతి పళ్లెం కింద అందులో ఎన్ని బిళ్లలున్నాయో రాసి, గంటకోసారి ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. భోజనాల వేళ పళ్లేలన్నీ తాళం వేసిన పెట్టెలోకి పోవాలి, ఎక్కువ పోయేది ఆ అరగంటలోనే.